రోజూ గీస్తూ సొంతంగా బొమ్మలు నేర్చుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

బొమ్మలు గీయడం నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ముప్పై దాటాక పెన్సిల్ పట్టి, రోజూ కాసేపు గీస్తూ నేర్చుకున్నాను. ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే: గీత వణుకుతోందని, ముఖం కుదరడం లేదని, నెల తిరిగినా మార్పు లేదని. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికే వెళ్ళండి. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమవుతుంది.

## మొదలుపెట్టే ముందు

చిన్నప్పటి నుంచి నాకు బొమ్మలు రావు. ఇప్పుడు నేర్చుకుంటే వస్తాయా?

వస్తాయి. 'ఱ', 'ణ', 'ఖ' లాంటి అక్షరాల వంపులు తిప్పగలిగిన చేతికి బొమ్మ గీయడానికి కావలసినంత అదుపు ఇప్పటికే ఉంది. లేనిది చూసే అలవాటు. కుర్చీని గీయమంటే మనం ఎదురుగా ఉన్న కుర్చీని సరిగా చూడం. కుర్చీ అంటే నాలుగు కాళ్ళు, ఒక వీపు అని మనసులో ఒక గుర్తు ఉంటుంది, దాన్నే కాగితం మీద దించేస్తాం. నిజానికి మీరు కూర్చున్న చోటు నుంచి వెనక కాళ్ళు పొట్టిగా కనిపిస్తాయి, ఒక కాలు అసలు కనిపించకపోవచ్చు. తెలిసినదాన్ని పక్కనపెట్టి కనిపిస్తున్నదాన్ని గీయడం అలవాటు కావాలి. పుట్టుకతోనే ఈ చూపు ఉన్నవాళ్ళు అరుదు. మిగతా అందరికీ అది సాధనతోనే వస్తుంది.

నా వయసు మీరిపోయిందేమో?

పేరుమోసిన డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో ఈ దారి పట్టాలని నిశ్చయించుకున్నది 1880లో, 27 ఏళ్ళ వయసులో. అప్పటికి ఆయన చిత్రాలు అమ్మే సంస్థలో, బడిలో, పుస్తకాల దుకాణంలో పనిచేశాడు, మత ప్రచారం కూడా చేశాడు. ఆ తర్వాత ఫ్రెంచి చిత్రకారుడు షార్ల్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ పాఠాలను ముందు పెట్టుకుని ఒక్కో షీటూ ఓపికగా కాపీ చేశాడు. ఆయన తొలి బొమ్మల్లో మనుషులు బిగుసుకుపోయినట్టు ఉంటారు. 50, 60 దాటినవాళ్ళు కూడా నిశ్చింతగా మొదలుపెట్టవచ్చు. కాకపోతే దగ్గరి చూపుకు సరైన కళ్ళద్దాలు, బల్ల మీద మంచి వెలుతురు ఉండేలా చూసుకోండి. గీత రావడం లేదని వాళ్ళు అనుకునేది చాలాసార్లు గీత సరిగా కనబడకపోవడమే.

ఏమేం కొనాలి?

హెచ్‌బీ పెన్సిల్ ఒకటి, 2బి ఒకటి, 6బి ఒకటి, మెత్తటి రబ్బరు, షార్ప్‌నర్, ఒక స్కెచ్‌బుక్. అంతే. పెన్సిల్ మీద 'హెచ్' అంటే గట్టిది, లేతగా గీస్తుంది. 'బి' అంటే మెత్తనిది, నల్లగా గీస్తుంది. లోపల ఉండేది గ్రాఫైటూ బంకమట్టీ కలిపి కాల్చిన ముద్ద. మట్టి పాలు పెరిగితే పెన్సిల్ గట్టిపడుతుంది. 1795లో ఫ్రాన్స్‌లో నికొలా-జాక్ కాంటే పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. అంకె పెరిగే కొద్దీ ఆ గుణం పెరుగుతుంది కాబట్టి 2బి కన్నా 6బి మెత్తన, నలుపు.

కాగితం బరువు (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే కొలత) 100 నుంచి 120 జీఎస్‌ఎం ఉంటే రబ్బరు రుద్దినా లేచిపోదు. మామూలు ప్రింటర్ కాగితం 70, 80 ఉంటుంది. గీతల సాధనకు అది చాలు. ఖరీదైన స్కెచ్‌బుక్ మాత్రం మొదట్లో వద్దని గట్టిగా చెబుతాను. అలాంటిది ఒకటి నా దగ్గర ఏడాది పాటు ఖాళీగా ఉండిపోయింది. పేజీ పాడవుతుందేమో అన్న భయంతో ఒక్క గీత కూడా పెట్టలేకపోయాను.

కాగితం మంచిదా, టాబ్లెట్ మంచిదా?

మొదటి ఆరు నెలలూ కాగితమే మంచిదని నా అభిప్రాయం. టాబ్లెట్‌లో గీత తప్పగానే వెనక్కి తీసేయవచ్చు. దాంతో తప్పు ఎక్కడ జరిగిందో చూసే అవకాశం పోతుంది. టాబ్లెట్ తప్ప వేరే వీలు లేకపోతే ఒకే బ్రష్, ఒకే లేయర్ పెట్టుకుని, అన్‌డూ నొక్కకుండా గీయండి.

రోజుకు ఎంతసేపు గీయాలి?

ఇరవై నిమిషాలు. వారానికోసారి మూడు గంటలు కూర్చోవడం కన్నా ఇదే మేలు. నిన్న వస్తువును ఎలా చూశామో ఇవాళ్టికి కంటికి గుర్తుంటుంది, వారం దాటితే మళ్ళీ మొదటికొస్తుంది. టైమ్ దొరకని రోజున మూడు నిమిషాలైనా గీయండి. పుస్తకాన్ని అలమరలో పెట్టకండి. తెరిచి, మీద పెన్సిల్ పెట్టి, రోజూ కూర్చునే చోటే ఉంచండి.

## మొదటి నెల

మొదటి రోజు ఏం గీయాలి?

మీ చెప్పు. తాళం చెవి, కత్తెర, కప్పు కూడా మంచివే కానీ నా ఓటు చెప్పుకే. అందులో వంపులున్నాయి, పట్టీలున్నాయి, వాడగా వాడగా అరిగిన చోట్లున్నాయి. గీత కొంచెం అటూ ఇటూ అయినా అది చెప్పులాగే కనిపిస్తుంది కాబట్టి తొలిరోజే నీరసం రాదు. షేడింగ్ వద్దు, గీత మాత్రమే. అయిపోయాక మూలలో తేదీ వేయండి. ఎంత నచ్చకపోయినా పేజీ చింపకండి.

ఇరవై నిమిషాల్లో వరసగా ఏమేం చేయాలి?

మొదటి ఐదు నిమిషాలూ చేయి వేడెక్కడానికి. దూరదూరంగా రెండు చుక్కలు పెట్టి కలపండి. అలా పది గీతలు, పక్కన పది అండాకారాలు. తర్వాత పన్నెండు నిమిషాలు ఒకే వస్తువు. చివరి మూడు నిమిషాలు పెన్సిల్ కింద పెట్టి, బొమ్మనూ వస్తువునూ పక్కపక్కన చూసి, ఎక్కడ తేడా వచ్చిందో ఒక్క వాక్యం రాయండి: 'పిడి మరీ కిందికి వచ్చింది', 'అంచు వాలు తప్పింది'. చాలామంది ఈ మూడు నిమిషాలూ వదిలేస్తారు. రేపు దేన్ని జాగ్రత్తగా చూడాలో తెలిసేది మాత్రం అక్కడే.

నా గీత వణుకుతోంది. ఏం చేయాలి?

మణికట్టు ఒక్కటే కదుపుతూ, నెమ్మదిగా, ముక్కలుముక్కలుగా గీస్తే ఎవరి గీతైనా వణుకుతుంది. పెన్సిల్‌ను ములుకుకు కొంచెం దూరంగా పట్టుకోండి. పొడుగు గీత అయితే మోచేయి, భుజం కదలాలి. కాగితాన్ని తాకకుండా గాలిలో రెండుమూడు సార్లు అదే దారిలో చేయి ఆడించి, తర్వాత ఒక్క లాగులో గీయండి. చూపు పెన్సిల్ ములుకు మీద కాదు, గీత చేరవలసిన చోట ఉండాలి. చేతికి ఏ దిక్కు సులువో ఆ దిక్కుకు కాగితాన్ని తిప్పుకోండి, అందులో తప్పేమీ లేదు. గీత చోటు తప్పినా ఫర్వాలేదు, పక్కనే ఇంకోటి గీయండి. ముందు గీతలో ధైర్యం రావాలి. గురి తర్వాత కుదురుతుంది.

కాగితం చూడకుండా గీయమంటారు. దానివల్ల ఏం లాభం?

దీన్ని బ్లైండ్ కాంటూర్ అంటారు. కంటి చూపును వస్తువు అంచు మీద చీమ పాకినట్టు నెమ్మదిగా నడిపిస్తారు. అదే వేగంతో పెన్సిల్ కాగితం మీద నడుస్తుంది. అయిపోయేదాకా కాగితం వైపు చూడరు. బొమ్మ వంకరటింకరగా వస్తుంది, అలాగే రావాలి కూడా. మామూలుగా మనం వస్తువును ఒక క్షణం చూసి, కాగితాన్ని పది క్షణాలు చూస్తాం. ఆ పది క్షణాల్లో గీసేదంతా జ్ఞాపకం నుంచి వచ్చిందే. ఈ సాధనలో ఆ అవకాశం ఉండదు. మీ ఎడమ చేతిని ఎదురుగా పెట్టుకుని ఐదు నిమిషాలు ఇలా గీసి చూడండి. వేలి కణుపు దగ్గర ఎన్ని ముడతలున్నాయో బహుశా అప్పుడే మొదటిసారి గమనిస్తారు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళు కుడిచేతిని చూసి గీయండి.

పొడవు, వెడల్పు కుదరడం లేదు. కొలతలు ఎలా తీసుకోవాలి?

కొత్తవాళ్ళు అన్నిటికన్నా ఎక్కువగా తడబడేది ఇక్కడే, తొందరగా బాగుపడేదీ ఇక్కడే. చేతిని మోచేయి వంగకుండా పూర్తిగా చాపి, పెన్సిల్‌ను నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూయండి. పెన్సిల్ కొనను వస్తువు పై అంచుకు ఆనించినట్టు చూసి, కింది అంచు ఎక్కడికి వస్తుందో అక్కడ బొటనవేలు పెట్టండి. ఆ కొలతను కదపకుండా పెన్సిల్‌ను అడ్డంగా తిప్పి, వెడల్పులో అది ఎన్నిసార్లు పడుతుందో చూడండి. కప్పు ఎత్తులో వెడల్పు ముప్పాతిక వంతుందనుకుందాం. కాగితం మీద ఎత్తు ఎంతైనా పెట్టుకోండి, వెడల్పు మాత్రం దానికి ముప్పాతికే రావాలి. మోచేయి వంగినా, తల ముందుకు జరిగినా కొలత మారిపోతుంది. వాలుకూ పెన్సిలే సాధనం. వాలుగా ఉన్న అంచు వెంబడి పెన్సిల్‌ను పట్టి, అదే వాలును కాగితం మీదికి తెండి.

ఇంకో దారి ఖాళీలను గీయడం. కప్పుకూ దాని పిడికీ మధ్య ఉన్న ఖాళీకి ఒక ఆకారం ఉంటుంది. కుర్చీ కాళ్ళ మధ్య ఖాళీకీ ఉంటుంది. ఆ ఖాళీకి పేరు లేదు కాబట్టి మనసులో దానికి గుర్తు కూడా లేదు. అందుకే దాన్ని ఉన్నది ఉన్నట్టు చూస్తాం. ఖాళీలు సరిగా వస్తే వస్తువు దానంతటదే సరిగా నిలబడుతుంది.

ఇలాంటి సాయం తీసుకోవడం మోసమేమో అని కొందరికి అనుమానం. 1882లో వాన్ గో చట్రానికి దారాలు కట్టించుకుని, అందులోంచి చూస్తూ గీసేవాడు. అట్టముక్కకు కిటికీలా కోసి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి దారం అంటిస్తే మీకూ అలాంటిది సిద్ధం.

రబ్బరు వాడొచ్చా?

వాడొచ్చు, కానీ తప్పు గీతను చెరపకముందే పక్కన సరైన గీత గీయండి. చెరిపేసి గీస్తే చేయి మళ్ళీ అదే తప్పు చేస్తుంది, ఎందుకంటే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. మొదటి గీతలు లేతగా ఉంటే ఇది సులువు. వారంలో ఒక రోజు బాల్‌పెన్‌తో గీస్తే ఇంకా మంచిది.

ఫోటో చూసి గీయడం, వేరేవాళ్ళ బొమ్మ కాపీ చేయడం తప్పా?

తప్పు కాదు. ఫోటోలో కెమెరా ముందే లోతును చదును చేసేస్తుంది, నీడలను ఒకే నలుపుగా కలిపేస్తుంది, దగ్గర నుంచి తీసిన ముఖంలో ముక్కును పెద్దది చేస్తుంది. అందుకే సగం రోజులైనా నిజమైన వస్తువు ఎదురుగా పెట్టుకోండి. ఇష్టమైన చిత్రకారుల బొమ్మలు కాపీ చేస్తే వాళ్ళు ఏది వదిలేశారో తెలుస్తుంది. అలాంటి బొమ్మ ఎవరికైనా చూపిస్తే అసలు వేసినవాళ్ళ పేరు చెప్పండి. ట్రేసింగ్ వల్ల చేయి కదులుతుంది కానీ కన్ను నేర్చుకోదు. ముందు చూసి గీసి, తర్వాత ట్రేస్ చేసిన కాగితం దాని మీద పెట్టి తేడా చూసుకోవడానికైతే బాగా పనికొస్తుంది.

## బొమ్మలో లోతు రావాలంటే

నా బొమ్మలన్నీ కాగితానికి అంటుకుపోయినట్టు చదునుగా ఉన్నాయి. ఎందుకు?

బయటి గీత మాత్రమే చూస్తున్నారు కాబట్టి. వస్తువును పెట్టె, గొట్టం, బంతి, శంకువు అనే నాలుగు రూపాల కలయికగా చూడడం మొదలుపెట్టండి. సీసా అంటే పెద్ద గొట్టం, మీద శంకువు, దాని మీద చిన్న గొట్టం. ఆ రూపాల మీద రబ్బర్ బ్యాండు చుట్టినట్టు అడ్డగీతలు గీస్తే గుండ్రదనం తెలుస్తుంది.

కప్పు విషయంలో దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పై అంచును అండాకారంగా గీసి, అడుగును తిన్నని గీతతో మూసేస్తారు. కప్పు బల్ల మీద ఆనుతుంది కదా, అడుగు చదునే కదా అని మనసు చెబుతుంది. కానీ కంటి మట్టం నుంచి కిందికి పోయే కొద్దీ వృత్తం ఇంకా విప్పారి కనిపిస్తుంది. కాబట్టి అడుగు వంపు పై అంచు వంపు కన్నా ఎక్కువగా ఉండాలి. గాజు గ్లాసును కళ్ళ ఎత్తుకు లేపి, మెల్లగా కిందికి దించుతూ చూడండి. గీతలా ఉన్న అంచు క్రమంగా వృత్తంగా తెరుచుకుంటుంది. అండాకారానికి రెండు కొసల్లోనూ మొన ఉండదు, అక్కడ కూడా గుండ్రంగానే తిరుగుతుంది.

షేడింగ్ చేస్తే మురికి పట్టినట్టు ఉంటోంది. ఎలా చేయాలి?

మొదట వేలితో రుద్దడం మానేయండి. చేతి కింద ఒక కాగితం ముక్క వేసుకోండి. గదిలో ఒకే దీపం, అదీ ఒక పక్క నుంచి పడేలా ఉంచండి. నాలుగు వైపుల నుంచీ వెలుతురు వస్తే నీడకు ఆకారం ఉండదు.

ఇప్పుడు కళ్ళు చికిలించి వస్తువును చూడండి. చిన్న వివరాలు మాయమై రెండుమూడు పెద్ద మచ్చలు మిగులుతాయి. వాటినే ముందు వేయాలి: వెలుతురు ఉన్న చోటు కాగితం తెలుపు, మధ్యస్తంగా ఉన్న చోటు ఒక బూడిద రంగు, నీడ ఒక ముదురు రంగు. ఈ మూడూ సరిగా పడ్డాకే లోపలి తేడాలు. బంతి మీద చూస్తే వెలుతురు నేరుగా పడే మెరుపు, దాని చుట్టూ నెమ్మదిగా మసకబారే భాగం, అన్నిటికన్నా ముదురైన పట్టీ, అంచు దగ్గర బల్ల నుంచి తిరిగొచ్చే పలచటి వెలుతురు, బల్ల మీద పడిన నీడ కనిపిస్తాయి. ఆ తిరిగొచ్చే వెలుతురును మరీ తెల్లగా వదిలేస్తారు కొత్తవాళ్ళు. అది ఎప్పుడూ నీడలో భాగమే, వెలుతురు వైపు కన్నా ముదురుగానే ఉండాలి. ఇంకో సంగతి, భయపడి అంతా లేత బూడిదలో ఆపేయకండి. 6బి తీసి నల్లగా ఉండవలసిన చోట నిజంగా నల్లగా వేయండి. అది పడగానే పక్కనున్న తెలుపు వెలుగుతుంది.

పర్‌స్పెక్టివ్ అంటేనే టెన్షన్. లెక్కలు రావాలా?

అక్కర్లేదు. దూరం పోయే కొద్దీ వస్తువులు ఎలా చిన్నగా కనిపిస్తాయో అలా గీయడమే పర్‌స్పెక్టివ్. ముందుగా మీ కంటి మట్టం ఎక్కడుందో అక్కడ ఒక అడ్డగీత గీయండి. ఒకదానికొకటి సమాంతరంగా దూరంగా సాగే అంచులు ఆ గీత మీద ఒక బిందువు వైపు చేరుతున్నట్టు కనిపిస్తాయి. కంటి మట్టానికి పైన ఉన్నవి కిందికి వాలతాయి, కింద ఉన్నవి పైకి లేస్తాయి. పొడవాటి వరండా చివర నిలబడితే పైకప్పు అంచులు, నేల అంచులు ఇలాగే కనిపిస్తాయి. ఈ పద్ధతికి ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో నియమాలు కుదిరింది 15వ శతాబ్దంలో. 1435లో ఇటలీ వాస్తుశిల్పి అల్బెర్తి దాన్ని రాతలో పెట్టాడు. అంతకు ముందు గొప్ప చిత్రకారులు కూడా గదుల నేలను కంటి అంచనాతోనే గీశారు. కాబట్టి మీ మొదటి గది కాస్త ఒరిగితే కంగారు పడకండి.

## మనుషులను గీసేటప్పుడు

ముఖం వస్తోంది కానీ పోలిక రావడం లేదు.

కళ్ళు ఎక్కడ పెట్టారో ముందు చూడండి. తల పైభాగం నుంచి గడ్డం దాకా కొలిస్తే పెద్దవాళ్ళలో కళ్ళు దాదాపు సరిగ్గా సగంలో ఉంటాయి. మన ధ్యాసంతా కళ్ళు, ముక్కు, నోటి మీదే కాబట్టి నుదురును కుదించి కళ్ళను పైకి జరిపేస్తాం. చిన్నపిల్లల్లో కళ్ళు సగానికి ఇంకా కిందే ఉంటాయి. రెండు కళ్ళ మధ్య దూరం సుమారు ఒక కన్ను వెడల్పు. చెవులు కనుబొమల మట్టం నుంచి ముక్కు అడుగు దాకా వస్తాయి.

ఇవి సగటు కొలతలు. పోలిక ఉండేది ఆ మనిషి ముఖం సగటుకు ఎక్కడ భిన్నంగా ఉందో అక్కడే. పరిచయస్తులను దూరం నుంచి, కనురెప్పల వెంట్రుకలు కనిపించకముందే గుర్తుపడతాం కదా. అంటే పోలిక తల ఆకారంలో, నీడ మచ్చల్లో, ముక్కుకూ పెదవికీ మధ్య దూరంలో ఉంది. కనుపాపలు అందంగా దిద్దడానికి అరగంట పెట్టేముందు ఈ దూరాలు కొలవండి. అద్దంలో మిమ్మల్ని మీరే గీసుకోండి. విసుక్కోకుండా కదలక కూర్చునే మోడల్ అంతకన్నా దొరకరు.

చేతివేళ్ళు ఎప్పుడూ పాడవుతున్నాయి.

వేళ్ళు ఒక్కొక్కటిగా గీయకండి. నాలుగు వేళ్ళనూ కలిపి ఒకే దిమ్మెగా, బొటనవేలిని విడిగా గీసి, తర్వాత విడదీయండి.

కదిలే మనుషులను ఎలా పట్టుకోవాలి?

ముప్పై సెకన్లు పెట్టుకోండి, బయటి గీత జోలికి పోకండి. తల ఒక గుండ్రం, వెన్ను వంపు ఒక గీత, భుజాల వాలు ఒకటి, నడుము వాలు ఒకటి, బరువు మోస్తున్న కాలు ఒకటి. నిలబడిన మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. ఒక పేజీలో ఇలాంటివి పది వేయండి. మధ్యలో మనిషి లేచి వెళ్ళిపోతే ఆ బొమ్మను అలాగే వదిలి తర్వాతిది మొదలుపెట్టండి.

## ముందుకు సాగనప్పుడు

రెండు నెలలైంది, అస్సలు మార్పు లేదు. మానేయాలా?

మానేయకండి. నాకు ఈ దశ అన్నిటికన్నా బాగా గుర్తుంది, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. సాధన మొదలయ్యాక కన్నే ముందు పదునెక్కుతుంది, చేయి దాని వెనక నడుస్తుంది. మొదటి వారంలో మీకు కనబడని తప్పులు ఇప్పుడు కనబడుతున్నాయి, అందుకే బొమ్మలు దిగజారినట్టు అనిపిస్తుంది. దీన్ని తేల్చుకునే మార్గం తేదీ వేసిన పేజీలే. మొదటి రోజు గీసిన వస్తువునే ప్రతి ముప్పై రోజులకూ అదే కోణం నుంచి, అంతే సమయంలో మళ్ళీ గీసి పక్కన పెట్టండి.

నిజంగా ఒకేచోట ఆగిపోయి ఉంటే కారణం చాలావరకు రోజూ వచ్చినదే గీయడం. అప్పుడు ఒక వారం పాటు ఒకే లోపాన్ని పట్టుకోండి, వారమంతా అండాకారాలే, లేదా వాలులే. బొమ్మను అద్దంలో చూడమని లియొనార్డో డావిన్చి తన నోట్స్‌లో చిత్రకారులకు చెప్పాడు. తిరగబడిన బొమ్మ వేరేవాళ్ళు వేసినట్టు కనిపిస్తుంది, ఒరిగిన కన్ను, పక్కకు జరిగిన నోరు వెంటనే తెలుస్తాయి.

వారం రోజులు మానేశాను. మళ్ళీ కూర్చోబుద్ధి కావడం లేదు.

వదిలేసిన ఏడు రోజులనూ కలిపి గీయాలని చూడకండి, ఆ బాకీ లెక్కే మిమ్మల్ని కూర్చోనివ్వదు. ఇవాళ ఐదు నిమిషాలు, బాగా తెలిసిన వస్తువు ఒకటి. రేపు కూడా ఐదే.

ఎవరికి చూపించాలి? ఒకరు నవ్వారు, బాధేసింది.

నాకూ జరిగింది. మొదటి ఏడాది దగ్గరి బంధువు ఒకరు నా పుస్తకం తిరగేసి నలుగురిలో నవ్వారు, తర్వాత రెండు వారాలు నేను దాన్ని తెరవలేదు. మొదటి మూడు నెలలూ ఎవరికీ చూపించకపోయినా నష్టం లేదు. చూపించేటప్పుడు 'ఎలా ఉంది?' అని అడగకండి, 'ఈ కప్పు బల్ల మీద ఆనినట్టు ఉందా, తేలుతున్నట్టు ఉందా?' అని అడగండి. బొమ్మలు గీయనివాళ్ళు కూడా దానికి సరైన జవాబు చెప్పగలరు.

మెడ, చేయి నొప్పి పెడుతున్నాయి.

పెన్సిల్‌ను బిగించి పట్టుకుంటున్నారేమో చూడండి. పుస్తకాన్ని బల్ల మీద చదునుగా కాకుండా ఏటవాలుగా నిలబెట్టండి, పది నిమిషాలకోసారి చేయి వదులు చేయండి. నొప్పి తగ్గకపోతే గీయడం ఆపి డాక్టరును కలవండి.

చూసి గీయడం వచ్చింది. ఊహించి గీయడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇవాళే మొదలుపెట్టవచ్చు. చూసి గీసిన బొమ్మ పూర్తయ్యాక వస్తువును దాచేసి, పేజీ తిప్పి, జ్ఞాపకం నుంచి మళ్ళీ గీయండి. ఎక్కడ చేయి ఆగిపోతుందో అక్కడ మీరు సరిగా చూడలేదన్నమాట. వస్తువును బయటికి తీసి, ఆ చోటు మళ్ళీ చూసి, వేరే రంగు పెన్సిల్‌తో దిద్దండి. నాలుగైదు రోజులు ఇలా చేశాక అదే వస్తువును మీరు ఇంతవరకు గీయని కోణం నుంచి, పక్క నుంచి గీసి ఉంటే పై నుంచి, చూడకుండా గీయండి. తర్వాత దాన్ని నిజంగా ఆ కోణంలో పెట్టి పోల్చుకోండి.